తీర్పు నాటి వయసు: యువ నేరస్థుల మళ్లింపులో లెక్క తప్పిన చోటు

1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టంలోని 6వ సెక్షన్ న్యాయమూర్తి చేతులు కట్టేస్తుంది. ఇరవై ఒకటి నిండని వ్యక్తి దోషిగా తేలాడనుకుందాం. ఆ నేరానికి యావజ్జీవ శిక్ష వేసే వీలు చట్టంలో లేకపోతే అతణ్ని జైలుకు పంపకూడదు. పంపక తప్పదనుకుంటే ఎందుకు తప్పదో రాసిపెట్టాలి. ఆ నిర్ణయానికి ముందు ప్రొబేషన్ అధికారి నుంచి నివేదిక తెప్పించుకోవాలి. ఇరవై ఒకటి దాటినవారికి 4వ సెక్షన్ కింద ప్రొబేషన్ ఇవ్వడం కోర్టు విచక్షణ. ఇరవై ఒకటి లోపు వారి విషయంలో మాత్రం ఇవ్వకపోతేనే కోర్టు సంజాయిషీ చెప్పుకోవాలి.

అయితే ఆ ఇరవై ఒకటి ఏనాటికి నిండి ఉండకూడదు? నేరం జరిగిన నాటికా, తీర్పు వెలువడే నాటికా? ఈ వ్యాసం చర్చించేది ఆ ఒక్క ప్రశ్ననే. సాంకేతికమైన సందేహంలా కనిపించే ఈ ప్రశ్న మీదే ఆ సెక్షన్ బతుకు ఆధారపడి ఉందని నా వాదన.

ముందు ఒక మాట అర్థం తేల్చుకోవాలి. ‘డైవర్షన్’ను తెలుగులో మళ్లింపు అంటున్నాం. కాలువ నీటిని తూము దగ్గరే మళ్లిస్తారు, పొలం మునిగాక కాదు. నిందితుణ్ని విచారణ, శిక్ష అనే దారిలోంచి తప్పించి చికిత్సకో, పరిహారానికో, పర్యవేక్షణకో పంపడమే అసలైన మళ్లింపు. ఆ అర్థంలో ఈ మాట 2015 నాటి బాల న్యాయ చట్టంలో మౌలిక సూత్రాల జాబితాకు ఎక్కింది. పద్దెనిమిది నిండగానే అది మాయమవుతుంది. ఆ పైన మిగిలేది ప్రొబేషన్. అది దోషి అని తేల్చాకే వస్తుంది. అంటే మనవాళ్లు మళ్లింపు అని పిలుచుకునేది నిజానికి దారి చివర తెరుచుకునే పక్క వాకిలి. ఆ వాకిలిలోంచి వెళ్లేవారి వయసును ఎక్కడ నిలబడి కొలుస్తున్నామన్నది అందుకే ముఖ్యం.

సుప్రీంకోర్టు దీనికి 1962 డిసెంబరులోనే, రామ్‌జీ మిస్సర్ కేసులో, జవాబు చెప్పింది. లెక్కలోకి వచ్చేది నేరం జరిగిన తేదీ కాదు, విచారణ కోర్టు దోషిగా తేల్చి శిక్ష సంగతి చూసే తేదీ. చట్టంలోని మాటలను బట్టి చూస్తే ఈ తీర్పును తప్పుపట్టలేం. ఇరవై ఒకటి నిండని వ్యక్తి ‘దోషిగా తేలినప్పుడు’ అనే మాటలతోనే సెక్షన్ మొదలవుతుంది. ఉద్దేశాన్ని బట్టి చూసినా దానికో తర్కం ఉంది. కుర్రవాణ్ని జైల్లో ఆరితేరిన నేరస్థుల సావాసంలో పడనివ్వకూడదన్నది లక్ష్యమైతే, జైలు గుమ్మం ముందు నిలబడిన రోజున అతను కుర్రవాడేనా అన్నదే చూడాలి కదా.

ఆ తర్కం ఒక ఊహ మీద నిలబడింది. తీర్పు త్వరగా వస్తుందనీ, అప్పటిదాకా నిందితుడు జైలు బయటే ఉంటాడనీ ఆ ఊహ. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది, అంటే నూటికి 75కు పైగా, విచారణ ఖైదీలే. శిక్ష పడకుండానే ఆ సావాసంలో పడినవాళ్లు వీళ్లంతా. జామీను ఇచ్చే మనిషి దొరక్క రిమాండులో మగ్గిన కుర్రవాడి విషయంలో, ‘వీణ్ని జైలుకు పంపాలా వద్దా’ అని తీర్పు రోజున కోర్టు ఆలోచించడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

తీర్పు తేదీ లెక్క ఏం చేస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒకే బస్తీకి చెందిన ఇద్దరు, ఇద్దరికీ పందొమ్మిదేళ్లు. వేర్వేరు బైకు దొంగతనం కేసుల్లో ఒకే మేజిస్ట్రేట్ కోర్టుకు వచ్చారు. మొదటివాడు రెండో వాయిదాకే నేరం ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్ల వయసులో దోషిగా తేలాడు కాబట్టి 6వ సెక్షన్ అతనికి రక్షణగా నిలిచింది. రెండోవాడు తాను తీయలేదన్నాడు, కేసు నడిపాడు. సాక్షులు రాని వాయిదాలు, మేజిస్ట్రేటు బదిలీ, ఛార్జిషీటులో తప్పుల సవరణలతో తీర్పు వచ్చేసరికి అతనికి ఇరవై రెండు నిండాయి. ఇక 6వ సెక్షన్ అతనిది కాదు. 4వ సెక్షన్ ఉంది కానీ అది కోర్టు దయ. నిర్దోషినని వాదించుకునే హక్కును వాడుకున్నందుకు ఇతను చెల్లించిన ధర ఇది. ఆలస్యానికి కారణం ప్రాసిక్యూషనే అయినా ఆ ధర తగ్గదు. వాయిదాలు పెంచే ప్రతి చేయీ తెలియకుండానే ఆ కుర్రవాడి వయసును పెంచుతోంది.

ఇదే చిక్కు ఒకప్పుడు పిల్లల చట్టంలోనూ ఉండేది. అక్కడ ఎలా విడిపోయిందో చూస్తే ఇక్కడి మొండితనం తెలుస్తుంది. బాలుడి వయసును అతణ్ని అధికారి ముందు హాజరుపరిచిన తేదీతో లెక్కించాలని 2000లో, అర్ణిత్ దాస్ కేసులో, సుప్రీంకోర్టు అంది. 2005లో ప్రతాప్ సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తోసిపుచ్చి, నేరం జరిగిన తేదీయే ప్రమాణమంది. మరుసటి ఏడాది పార్లమెంటు ఆ మాటను చట్టంలోకే ఎక్కించింది. పోలీసులు ఎప్పుడు పట్టుకున్నారు, కోర్టు ఎప్పుడు పిలిచింది అన్నవాటితో పిల్లవాడి హక్కు మారకూడదని అందరూ ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు పద్దెనిమిదో పుట్టినరోజు దగ్గర ఆగిపోయింది. పదిహేడేళ్ల పదకొండు నెలలవాడికి నేరం నాటి వయసు, పద్దెనిమిదేళ్ల ఒక నెలవాడికి తీర్పు నాటి వయసు! ఇద్దరి మధ్య రెండు నెలల తేడాకు రెండు రకాల కాలమానాలు వాడే న్యాయశాస్త్రాన్ని ఎవరు సమర్థించగలరో నాకు తెలియదు.

బయటి దేశాల ఉదాహరణలు చెప్పగానే ‘మన పరిస్థితులు వేరు’ అనే జవాబు వస్తుంది, అందుకే రెండు వాక్యాల్లో ముగిస్తాను. జర్మనీ 1953 నాటి యువ న్యాయ చట్టంలోనే పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి లోపు వారికి ప్రత్యేక వర్గం ఏర్పరచింది, నెదర్లాండ్స్ 2014లో ఆ వీలును ఇరవై మూడు లోపు వరకు పొడిగించింది. రెండుచోట్లా చూసేది నేరం నాటి వయసునే.

మనకు సొంత ఉదాహరణే ఉంది, అదీ ఒక తెలుగు న్యాయమూర్తి చేతి మీదుగా. 1964 ఏప్రిల్‌లో పంజాబ్ నుంచి వచ్చిన ఒక అప్పీలులో కోకా సుబ్బారావు మెజారిటీ తీర్పు రాశారు. పదహారేళ్ల కుర్రవాడికి ఆరు నెలల కఠిన శిక్ష పడిన కేసు అది. మేజిస్ట్రేటు శిక్ష వేసేనాటికి ప్రొబేషన్ చట్టం ఆ జిల్లాలో అమల్లోకే రాలేదు. తరువాత వచ్చింది. మేలు చేసే చట్టాన్ని వెనకటి కేసుకూ వర్తింపజేయవచ్చనీ, అప్పీలు కోర్టులు కూడా 6వ సెక్షన్‌ను వాడాలనీ ఆ తీర్పు చెప్పింది. జస్టిస్ రఘుబర్ దయాళ్ విభేదించారు. నేరం చిన్నదేమీ కాదు, ఓ చిన్న పాపపట్ల అఘాయిత్యానికి సంబంధించింది. అందుకే ఆ విభేదాన్నీ తేలిగ్గా తీసుకోలేం. నేను ఎత్తిచూపేది సూత్రాన్ని మాత్రమే: చట్టం ఆలస్యంగా వచ్చిందన్న కారణంతో కుర్రవాడు నష్టపోకూడదంది కోర్టు. తీర్పు ఆలస్యంగా వచ్చిందన్న కారణంతో మాత్రం ఎందుకు నష్టపోవాలి?

వయసు లెక్క సరిచేసినా తెరుచుకోని తలుపు ఒకటుంది: మాదకద్రవ్యాల చట్టం. విశాఖ మన్యం నుంచి హైదరాబాదు దాకా ఈ వయసు పిల్లల్ని గంజాయి కేసులు ఎలా చుట్టుకుంటున్నాయో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఆ చట్టంలోని 33వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిది దాటినవారికి ప్రొబేషన్ చట్టం వర్తించదు. 26, 27 సెక్షన్ల నేరాలకు మాత్రం మినహాయింపు ఉంది. మత్తుపదార్థం వాడడం 27వ సెక్షన్ కిందికి వస్తుంది. గంజాయి దగ్గర ఉంచుకోవడం 20వ సెక్షన్ కిందికి వస్తుంది. కాబట్టి తాగినవాడికి ప్రొబేషన్ దొరకవచ్చు, తాగకముందే జేబులో పొట్లంతో దొరికినవాడికి దొరకదు. 64ఎ సెక్షన్ అసలైన మళ్లింపే. కిలో లోపు గంజాయి ‘చిన్న పరిమాణం’ కాబట్టి, అంతలోపు దొరికిన వ్యసనపరుడు తానుగా చికిత్సకు వెళ్లి పూర్తిచేస్తే ప్రాసిక్యూషనే ఉండదు. కానీ అది వ్యసనపరుడికే. స్నేహితులతో సరదాకు ఒకసారి కొన్నవాడు వ్యసనపరుడు కాదు గనక ఆ తలుపూ మూసే ఉంటుంది. తక్కువ చెడినవాడికి ఎక్కువ శిక్ష!

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సామాజిక సేవను శిక్షగా చేర్చింది. అయిదు వేల లోపు విలువైన దొంగతనంలో, మొదటిసారి దోషిగా తేలినవారు సొత్తో దాని విలువో తిరిగి ఇస్తే సామాజిక సేవే శిక్ష. మంచి మార్పే. కానీ ఇక్కడా శిక్ష కంటే ముందు దోషి అన్న ముద్ర పడుతుంది. పైగా ఇప్పుడు అయిదు వేల లోపు సెల్‌ఫోను ఎందరి జేబుల్లో ఉంది?

ముద్ర మాటకొస్తే, ప్రొబేషన్ పొందినవారికి శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని ప్రొబేషన్ చట్టంలోని 12వ సెక్షన్ చెబుతుంది. అయినా దానికి హద్దు ఉందనీ, నేరానికి మూలమైన దుష్ప్రవర్తన ఆధారంగా ఉద్యోగం నుంచి తొలగించడాన్ని అది ఆపలేదనీ 1990లో బక్షీ రామ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మరి మన దగ్గర నిజంగా మళ్లింపు లేదా? ఉంది, దాని పేరు రాజీ. దొంగతనం కేసును సొత్తు యజమాని రాజీ చేసుకోవచ్చు, రాజీ కుదిరితే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే. లోక్ అదాలత్‌లో జరిగేది ఇదే. స్టేషన్ గుమ్మంలో ‘మందలించి పంపేశారు’ అన్న మాట వెనక జరిగేదీ దీని అనధికార రూపమే. దీనికి వయసు పట్టింపు లేదు, నివేదికలు అక్కర్లేదు. దీనికి కావలసింది మాట చెల్లే పెద్దమనిషి ఒకడు, అవతలివాడి చేతిలో పెట్టడానికి కాస్త డబ్బు. ఆ రెండూ ఉన్న ఇంటి పిల్లవాడు కోర్టు గడప తొక్కడు, లేని ఇంటి పిల్లవాడే 6వ సెక్షన్ దాకా వస్తాడు. ఆ సెక్షన్‌లో చిన్న చిల్లు కూడా పెద్ద అన్యాయం కావడానికి కారణం అదే.

కనీస శిక్ష ఉన్న నేరాల్లోనూ ప్రొబేషన్ చట్టాన్ని వాడవచ్చని 2021లో లఖ్వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉదారంగా చెప్పింది. వయసు విషయంలో అలాంటి ఉదారతకు విశాల ధర్మాసనం కోసం ఎదురుచూడనక్కర్లేదు. 6వ సెక్షన్ మొదటి వాక్యంలో ‘నేరం జరిగిన తేదీనాటికి’ అనే మాట చేరిస్తే చాలు. ప్రొబేషన్ అధికారి నివేదికను తీర్పు దాకా ఆపకుండా మొదటి రిమాండు నాడే తెప్పించాలి. రెండింటిలో మొదటిది పార్లమెంటు చేయాల్సిన పని. రెండోదాన్ని నిషేధించే నిబంధన ఈ చట్టంలో ఎక్కడా లేదు. మన మేజిస్ట్రేట్ కోర్టులు రేపే మొదలుపెట్టవచ్చు.