జోడేఘాట్ తర్వాత ఇంద్రవెల్లి

మన పిల్లల్లో కుమ్రం భీం పేరు తెలియనివారు లేరు. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగాడని చిన్న పిల్లలు కూడా చెబుతారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి జరుపుకుంటున్నాం. అది మనకు గర్వకారణం.

అయితే కథ జోడేఘాట్ దగ్గరే ఆపితే వినే పిల్లలకు ఏమనిపిస్తుంది? మన కష్టాలన్నీ నిజాం కాలం నాటివనీ, నిజాంతోనే పోయాయనీ అనిపిస్తుంది. అప్పుడు తమ ఇంట్లో పట్టా లేని భూమి ఎందుకుందో, తాత సాగుచేసిన చేను ఎవరి చేతిలోకి ఎలా పోయిందో వాళ్లకు అర్థం కాదు. తప్పు తమవాళ్లదేనేమో అనుకుంటారు.

భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపి మన స్థితిగతులు తెలుసుకుంది. మార్లవాయిలో గోండి భాషలో చదువు మొదలైంది, కొందరికి పట్టాలు వచ్చాయి. తర్వాత 1959 భూబదలాయింపు చట్టం, దాన్ని గట్టిపరచిన 1970 నాటి '1 ఆఫ్ 70' వచ్చాయి. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదని చట్టం చెప్పింది. కాగితం మీద చట్టం ఉన్నా, అప్పుల కింద, మోసాల కింద భూములు పోతూనే వచ్చాయి.

1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. పోడు భూములకు పట్టాలు ఇవ్వాలని, సావుకార్ల దోపిడీ ఆపాలని గిరిజన రైతుకూలీ సంఘం సభ తలపెట్టింది. సభకు పోలీసులు అనుమతి లేదన్నారు. ఆ సంగతి తెలియక గూడేల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. కాల్పులు జరిగాయి. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకన్నా చాలా ఎక్కువమంది అని పౌరహక్కుల సంఘాలు చెప్పాయి. అమరుల కోసం కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చివేశారు, తర్వాత మళ్లీ కట్టారు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఏప్రిల్ 20 వచ్చిందంటే అక్కడ పోలీసు ఆంక్షలే.

ఈ విషయాలు పిల్లలకు బరువనీ, మనసు పాడవుతుందనీ కొందరంటారు. వయసును బట్టి చెప్పే తీరు మార్చుకోవచ్చు. చిన్నవాళ్లకు భూమి సంగతి చెబుదాం, పెద్ద తరగతుల వాళ్లకు కాల్పుల సంగతీ చెబుదాం. అసలే చెప్పకపోతే మాత్రం, స్తూపం పక్కనుంచి రోజూ బడికి పోయే పిల్లలకు అది ఉట్టి కట్టడంగానే మిగిలిపోతుంది.

దాచినవాళ్లలో మనమూ ఉన్నాం. కేసులకు భయపడి, దుఃఖం తట్టుకోలేక, ఎన్నో ఇళ్లలో ఆ రోజు మాట ఎత్తలేదు. ఆ మౌనాన్ని తప్పుపట్టలేం. కానీ అప్పుడు ఇరవై ఏళ్లున్నవారికి ఇప్పుడు అరవై దాటాయి. వాళ్లతోపాటే ఆ జ్ఞాపకాలూ వెళ్లిపోతాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చుని గోండిలోనే అడగండి. వారు చెప్పదలిస్తే రికార్డు చేయండి. ఊరు, పేరు, తేదీ రాసిపెట్టుకోండి. ఒకరు చెప్పిందానికీ మరొకరు చెప్పిందానికీ తేడా ఉంటే రెండూ రాయండి, సొంతంగా ఏదీ కలపకండి. వచ్చే ఏప్రిల్ 20కి ఒక్కో గూడెం నుంచి ఒక్క జ్ఞాపకమైనా చేరితే, పాఠం వదిలేసిన పేజీలను మనమే రాసుకోగలం.