కవిలెకట్టలు, కరపత్రములు: పట్టణ గ్రంథాలయములందలి స్థానిక చరిత్ర సామగ్రి

ఆంధ్రదేశ చరిత్ర రచనకు శాసనములు, కావ్యావతారికలు, విదేశ యాత్రికుల వ్రాతలు ముఖ్యాధారములని పండితలోకము చిరకాలముగా అంగీకరించినదే. రాజవంశముల చరిత్రకు ఇవి చాలినవి. కాని యొక పట్టణము చరిత్ర వ్రాయబూనిన వానికి ఇవి చాలవు. పట్టణమందలి పేటలు, పాఠశాలలు, సమాజములు, ముద్రణాలయములు, నాటకశాలలు, తగవులు, పెండ్లిండ్లు శాసనముల కెక్కవు. కావ్యములకు వస్తువులు కావు. వాని జాడ మిగిలినచో రెండు తావుల మిగులును: కరణముల యిండ్ల అటుకలపై నుండి దిగివచ్చిన కవిలెకట్టలలోను, సభ ముగిసిన మరునాడే యెవ్వరికిని పనికిరాకపోయిన కరపత్రములలోను. ఈ రెండింటిని ఏ భాండాగారము చేరదీయవలెనను ప్రశ్న సాహిత్యపరిశోధకులకు కొంత అప్రస్తుతముగ తోచవచ్చును. అది అప్రస్తుతము కాదని మా యభిప్రాయము. రాజమహేంద్రవరమందలి గౌతమీ గ్రంథాలయమును ఉదాహరణముగా గైకొని ఈ విషయమును విచారింపదలచితిమి.

గౌతమీ గ్రంథాలయము ప్రభుత్వపు టుత్తరువు వలన పుట్టినది కాదు. వసురాయకవి యను పేర ప్రసిద్ధులైన వడ్డాది సుబ్బారాయుడుగారి నామముతో నాళము కృష్ణారావుగారు 1898లో, తమ చిన్నతనమునందే, ఒక గ్రంథాలయమును నెలకొల్పిరి. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి పేర వెలసిన రత్నకవి గ్రంథాలయము తరువాత దానితో కలిసినది. ఈ రెండింటి కలయికయే గౌతమి. చిరకాలము పౌరుల యాదరముతో నడచి, గడచిన శతాబ్ది చివరి పాదమున ఇది ప్రభుత్వ ప్రాంతీయ గ్రంథాలయమైనది. ఇందు తాళపత్రప్రతులును, పాత పత్రికల సంపుటములును గలవు. ఈ వృత్తాంతమును ఇంతగా చెప్పుటకు కారణము గలదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయము కొని పెంచిన భాండాగారము. పట్టణ గ్రంథాలయము ఇచ్చినది పుచ్చుకొని పెరిగిన భాండాగారము. ఒక పండితుని యింటి తాటాకులు, ఒక న్యాయవాది బీరువా, మూతపడిన యొక సమాజము దస్తరములు, ఇట్లు వచ్చి చేరిన వస్తువులలో గ్రంథములతోపాటు గ్రంథములు కానివియు వచ్చును. దాతలు ఏరి యియ్యరు. ఆ యేరకపోవుటయే చరిత్రకారునకు మేలైనది.

చిక్కు అక్కడనే మొదలగును. గ్రంథాలయ పట్టిక కర్తపేరు, గ్రంథనామము, ముద్రణ సంవత్సరము అడుగును. కవిలెకు కర్త లేడు. కరపత్రమునకు నామము లేదు. రెండింటికిని తరచు సంవత్సరము లేదు. పట్టికలోని మూడు గడులును ఖాళీగా మిగులు వస్తువు పట్టికలోనికి రాదు. పట్టికకెక్కని వస్తువు బీరువాలో నున్నను లేనిదే. ఇది గ్రంథపాలకుల లోపమని మే మనము. ఆ పద్ధతి పుస్తకముల కొరకు ఏర్పడినది.

గ్రంథాలయము పుచ్చుకొనకున్న మరెవ్వరు పుచ్చుకొందురని విచారించితిమి. కేంద్రప్రభుత్వము 2003లో స్థాపించిన జాతీయ పాండులిపి సంస్థ, డెబ్బదియైదేండ్లకు తక్కువ కాని ప్రాచీనత గల చేతివ్రాతను మాత్రమే వ్రాతప్రతిగా గ్రహించెను. శిలామాత్రప్రతులును అచ్చుప్రతులును ఆ నిర్వచనమునకు వెలుపలివి. అంతే కాదు, ఫర్మానాలు, రెవిన్యూ లెక్కలు మొదలైన చారిత్రక పత్రములు వ్రాతప్రతులు కావనియు ఆ నిర్వచనమే చెప్పుచున్నది. వ్రాతప్రతికి విద్యావిషయము ఉండవలెనట. అనగా ఒక కరణము తాటాకుపై వ్రాసిన సుమతీశతకము వ్రాతప్రతి. అదే కరణము అదే గంటముతో వ్రాసిన చెరువు లెక్క వ్రాతప్రతి కాదు. రాష్ట్ర పురావస్తు పత్రాగారముల ముఖ్యవిధి ప్రభుత్వ కార్యాలయముల దస్తరములను భద్రపరచుట. కవిలెలో పెక్కు భాగము కరణముల యిండ్లలో సొంత ఆస్తిగా నిలిచినది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణీకమును రద్దుచేసిన పిమ్మట చెల్లుబడి లెక్కలు కార్యాలయములకు పోయినవి. చెల్లని పాతవి ఇండ్లలోనే మిగిలినవి. ఇక అచ్చు కాగితముల సంగతి. 1954 నాటి చట్టము ననుసరించి దేశమున ప్రచురింపబడు ప్రతి పుస్తకమును కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మదరాసు కన్నెమరా గ్రంథాలయము మొదలగు వానికిని పంపవలెను. చిన్న పొత్తములు, విడిగ నచ్చైన పటములు ఆ చట్టములో చేరినవి. శుభలేఖ, నాటక ప్రకటన, సభాహ్వానము చేరలేదు. కాబట్టి ఊరి గ్రంథాలయము విడిచినచో వీనికి మరియొక దిక్కు లేదు.

కవిలెల విషయమున మనకు ఒక పాత గుణపాఠము గలదు. కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) సేకరించిన స్థానిక చరిత్రల మాట తెలుగువారందరు నెరిగినదే. కైఫీయతు అనగా వివరము, వాఙ్మూలము. గ్రామ కరణముల దండకవిలెలను చూచియు, పెద్దలను అడిగియు ఈ కైఫీయతులను వ్రాసితెచ్చినవారు కావలి సోదరుల వంటి దేశీయ సహాయకులు. కావలి వేంకట బొర్రయ్య 1803లోనే గతించెను. అతని పరిచయముననే ఈ దేశపు విజ్ఞానద్వారము తనకు తెరువబడెనని మెకంజీ స్వయముగా చెప్పుకొనెను. సోదరులు లక్ష్మయ్య, రామస్వామి ఆ పనిని కొనసాగించిరి. మెకంజీ మరణానంతరము కుంపిణీవారు లక్షరూపాయల కాతని సంగ్రహమును కొనిరి. హెచ్. హెచ్. విల్సను 1828లో పట్టిక ప్రకటించెను. దక్షిణదేశభాషల ప్రతులు మదరాసు చేరినవి. అటుపై 1830 తరువాతి దశాబ్దమున లక్ష్మయ్య ఈ పరిశోధనను తానే నిర్వహింతునని కోరగా, కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారు ఆ కార్యమునకు దేశీయుడు తగడని నిర్ణయించిరి. పని విలియం టైలరు పాలబడెను. ఆ నిర్ణయము అన్యాయమని నేడు చెప్పుటకు సాహసము అక్కరలేదు. మా దృష్టిలో అంతకంటె ముఖ్యమైన విషయము వేరొకటి గలదు. ఏ కవిలె ఏ యూర, ఎవరి యింట దొరకినదో, చెప్పిన కరణ మెవరో, అతని మాటకు గల విలువ యెంతయో, ఏండ్ల తరబడి ఆ యూళ్లు తిరిగిన సోదరులకు తెలిసినట్లు బల్లవద్ద కూర్చుండి ప్రతులు విప్పినవారికి తెలియదు. లక్ష్మయ్యతో ఆ తెలివి యంతయు పోయినది. మిగిలినది అక్షరము మాత్రము.

ఆ యక్షరమైనను నిలిచినది సి. పి. బ్రౌను వంటివారు శిథిలమగుచున్న ప్రతులకు పుత్రికలు వ్రాయించుట వలన. మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమందలి స్థానిక చరిత్ర సంపుటములు మన పరిశోధకులకు నేటికిని పెన్నిధి. కడప జిల్లా కైఫీయతులు కడపలోని బ్రౌను గ్రంథాలయ పరిశోధన కేంద్రము పూనికతో అచ్చుపడినవి. కాని మనము చదువుచున్నది నకలుకు నకలు అన్న సంగతి మరువరాదు. మూలకవిలెలు ఊళ్లలోనే యుండిపోయి, పెక్కులు నశించినవి.

తాళపత్ర కావ్యప్రతుల విషయమునను ఇట్టి నష్టమే మరియొక విధముగ జరుగుచున్నది. విరాటపర్వమునకు నూరవ ప్రతి దొరకినచో పాఠపరిష్కర్త దాని పాఠమును తూచి, విశేషము లేదని ప్రక్కన పెట్టును. అతని పనికి అది సబబే. అయితే ఆ ప్రతి చివరియాకున లేఖకుడు సంవత్సరము, మాసము, తిథి, వారము, తన యూరు, తన వంశము, ఎవరి కొరకు వ్రాసెనో ఆ పేరు చెప్పి, తప్పులున్న మన్నింపుమని వేడుకొనును. ఏ కులమువాడు ఏ కావ్యమును వ్రాయించుకొనెను? ఏ పేటలో విద్య యుండెను? బయటి యూరి లేఖకులు వచ్చి వ్రాసిరా? ఇవన్నియు స్థానిక చరిత్రకు ముడిసరుకు. నూరు విరాటపర్వములు పాఠపరిష్కర్తకు భారము. స్థానిక చరిత్రకారునకు నూరు సాక్ష్యములు. వివరణాత్మక సూచికలు ఈ గద్యలను ఉదాహరించును గాని, చిన్న గ్రంథాలయముల చేతిపట్టికలలో అవి కానరావు. చివరియాకులను మాత్రము చదివి ఒక ప్రత్యేక పట్టిక సిద్ధముచేయుట ఒక ఎం. ఏ. విద్యార్థికి ఒక వేసవి పని. మా శాఖలలో ఆ పనికంటె అలంకారచర్చయే ఎక్కువ గౌరవము పొందుచున్నది.

తాటాకు మాట చాలించి కాగితమునకు వత్తము. తాటాకు పొడిగా నుంచి, అప్పుడప్పుడు నూనె పూసినచో మూడునాలుగు వందల యేండ్లు నిలుచును. కరపత్రమునకు వాడు చౌక కాగితము అరువది డెబ్బది యేండ్లకే పసుపెక్కి మడతలయొద్ద పెళుసై విరుగును. 1780 నాటి కవిలె నేడు చదువవచ్చును. 1930 నాటి నాటక ప్రకటన ముట్టుకొన్న రాలును. ముందుగా కాపాడవలసినది ఏదో దీనినిబట్టియే తెలియును. మన దృష్టి మాత్రము ప్రాచీనతకే వంగును.

రాజమహేంద్రవర చరిత్రలో ఈ లోటు ఎంతటిదో నాటకరంగమును చూచిన తెలియును. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజము ఈ పట్టణమునకు వచ్చి ప్రదర్శనము లిచ్చుటయు, వారు వెడలిన పిమ్మట ఆ పాకలోనే కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచే నాటకము లాడించుటయు ప్రసిద్ధము. దీనికి మనకు గల ప్రధాన సాక్ష్యము పంతులుగారి స్వీయచరిత్ర. అది మహాపురుషుని జ్ఞాపకము. పగ్గముపట్టి కొలిచిన లెక్క గాదు. ఏ దినమున ఏ నాటకము, ప్రవేశరుసుము ఎంత, ఏ వేషము ఎవరిది అను వివరములు ప్రకటనపత్రముల వలన తెలియవలసినవి. తొలి తెలుగు ప్రదర్శనమును గూర్చి పండితులు నేటికిని వాదించుకొనుటకు అట్టి పత్రములు చేత లేకుండుటయే కారణము. 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుడు ఈ యూర చేసిన యుపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెనిగించుచు ఆశువుగ చెప్పిన పద్యము తెలుగునాట ఎల్లవారి నోటను నిలిచినది. నోట నిలుచుటకు పద్యము కావలెను. సభల యేర్పాట్లు, చందాలు, ఆహ్వానించినవారి పేర్లు పద్యములు కాజాలవు.

చలనచిత్రముల యందు ఇదే చిక్కు వచ్చి కొంత చక్కబడినది. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని దశాబ్దముల తరబడి గ్రంథములు వ్రాసినవి, ఉత్సవములు జరిగినవి. సెన్సారు ధ్రువపత్రము 1932 జనవరి 22 నాటిదనియు, బొంబాయిలో విడుదల 1932 ఫిబ్రవరి 6న జరిగెననియు తేలినది ఆ కాలపు పత్రములను, పత్రికా ప్రకటనలను వెదకిన పిమ్మటనే. పుస్తకము చెప్పిన తప్పును ఒక ప్రకటన దిద్దినది.

కరపత్రమునకు కాలనిర్ణయము ఎట్లని కొందరు సందేహింతురు. ఇది శాసనములకంటె కష్టము కాదు. 1867 నాటి ముద్రణాలయ చట్టము ప్రతి పుస్తకముపైనను, ప్రతి కాగితముపైనను ముద్రాపకుని పేరు, ముద్రణస్థలము ఉండవలెనని విధించెను. 2023 నాటి క్రొత్త చట్టము 2024 మార్చిలో అమలునకు వచ్చువరకు ఆ చట్టమే చెల్లినది. కావున కరపత్రము అడుగున సన్నని యక్షరములలో అచ్చుకూటము పేరు సాధారణముగ నుండును. చట్టము అచ్చు తేదిని అడుగలేదు. పత్రమున తెలుగు సంవత్సరము, తిథి, వారము ఉండును. ఉదాహరణమునకు ‘విలంబి’ అని యున్నదనుకొందము. విలంబి 1898–99లోను, 1958–59లోను, 2018–19లోను వచ్చినది. టిక్కెట్టు వెల అణాలలో నున్నచో మొదటిదనియు, నయాపైసలలో నున్నచో రెండవదనియు ఊహింపవచ్చును. దశాంశ నాణెములు 1957 ఏప్రిలు 1న వచ్చినవి గదా. అయితే జనులు అణాల లెక్కను వెంటనే విడువలేదు, కాబట్టి ఇది యొక్కటియే చాలదు. తిథివారములను పంచాంగ గణితముతో పోల్చిన సంశయము తీరును. చిరునామాయందు ఆరంకెల తపాలా సంఖ్య యున్నచో పత్రము 1972 ఆగస్టునకు ముందుది కాజాలదు. ఊరిపేరును మాత్రము నమ్మరాదు: ప్రభుత్వ వ్యవహారమున రాజమహేంద్రవరమను రూపము 2015లో స్థిరపడినను, తెలుగు పత్రములలో ఆ రూపము ఎల్లకాలము వ్యవహరింపబడినదే.

ఇన్నియు చెప్పి, కట్టను విప్పవద్దని చెప్పుట వింతగ నుండవచ్చును. ఒక యింటినుండి వచ్చిన కట్టలో కవిలెయాకులు నాలుగు, ఒక శుభలేఖ, ఒక సన్మానపత్రము, రెండు రశీదులు, ఒక ఎన్నికల కరపత్రము ఉన్నచో గ్రంథపాలకుడు సహజముగ వానిని విషయానుసారము విడదీయును. తాటాకు తాటాకుల బీరువాకు, పద్యములు సాహిత్యమునకు, రశీదులు చెత్తబుట్టకు పోవును. విడదీసిన పిమ్మట ఒక్కొక్కటి మూగ. కలిసియున్నప్పుడు ఆ యింటి మూడు తరములు ఏ భూమిపై బ్రతికిరో, ఎవరితో వియ్యమందిరో, ఏ సభలకు పోయిరో చెప్పుచుండెను. పత్రాగారములవారు ఈ సూత్రమును ఏనాడో గ్రహించిరి. గ్రంథాలయములు స్థానిక సామగ్రికైనను దీనిని పాటింపవలెను.

స్కానుచేసినచో ఇవన్నియు తీరునను మాట తరచు వినబడుచున్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేర జరిగిన కృషి వలన వేలకొలది పాత తెలుగు పుస్తకములు మనకు సులభములైనవి. ఆ మేలు చిన్నది కాదు. కాని దాని పట్టికలో పుస్తకముల పేర్లే ఎన్నో తలక్రిందులై, వెదకినను దొరకక యున్నవి. పేరున్న పుస్తకమునకే ఆ గతి పట్టినపుడు పేరులేని కాగితమును చిత్రముగా మార్చినంత మాత్రమున దొరకునా? ముందు వలసినది చేతిపట్టిక: కట్ట సంఖ్య, చేరిన తేది, ఇచ్చినవారి పేరు, పేట, గ్రామము, ఆకుల లెక్క, అచ్చుకూటము, పత్రమున కనబడు సంవత్సర తిథివారములు. పేరు గడి ఖాళీగ నున్నను నమోదు ఆగరాదు. ఇచ్చినవారు బ్రదికియున్న దినములలోనే కట్ట యెట్లు సంక్రమించెనో అడిగి, వారి మాటలలోనే ఒక పుట వ్రాసికొని కట్టతో ముడివేయవలెను. ఆ పుట దారమునకు కట్టవలెనే గాని జిగురుతో అంటింపరాదు. జిగురు పురుగును పిలుచును.