దర్శి సీమ పూరిండ్లు

కోటలకును, ఆలయములకును శాసనములు కలవు. దర్శి సీమలో సామాన్యజనులు తరతరములుగా కాపురమున్న పూరిండ్లకు శాసనములు లేవు. వాని చరిత్రము కట్టుబడి విధానమునందును, జనుల నానుడులయందును నిలిచియున్నది.

'పూరి' యనగా గడ్డి. పైకి గడ్డియే కనిపించినను, ఇంటి బలమంతయు లోపలి కఱ్ఱకట్టులో నుండెను. తుమ్మ, వేప మొదలగు చేవగల కఱ్ఱలను గుంజలుగా నేలలో లోతుగా పాతెడివారు. గుంజ తల పంగగా చీలియున్నచో మేకుతో పనిలేదు; దూలము ఆ పంగలో కుదురుకొనును. ఇంటి నడుమ పొడవుగా నిలుచునది నిట్రాడు. దాని తలపై నడచు వెన్నుగాడి కప్పునకు వెన్నెముక. అచటినుండి చూరువరకు తాటివాసములు దిగును. వానిపై వెదురుబద్దలను అడ్డముగా నారతో బిగించి, తాటాకుగాని రెల్లుగాని చూరునుండి మొదలిడి పైకి వరుసలుగా కప్పెడివారు. పైవరుస క్రిందివరుసపై వ్రాలుటచే వాననీరు లోనికి దిగక జారిపోవును. వాలు తగ్గినచో నీరు నిలిచి కప్పు కుళ్లును.

బరువంతయు గుంజలపై నుండుటచే, మట్టిగోడ ఎండగాలులకు అడ్డు మాత్రమే. వానకు గోడ కరిగినను ఇల్లు నిలిచెడిది. లోకప్పు లేనందున పండుకొన్నవానికి వాసములన్నియు కనిపించును. 'తిన్న యింటి వాసాలు లెక్కపెట్టుట' యను నానుడి అట్టి యింటనే పుట్టదగినది.

జపాను దేశమున షిరకావా గ్రామపు గడ్డియిండ్ల కప్పులును త్రాళ్ల కట్టుతో నిలిచినవే. ఇరుగుపొరుగువారు కలసి వాని గడ్డిని మార్చుదురు. 1995లో యునెస్కో వానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించెను.

అయితే పూరియింటికి అగ్ని పరమశత్రువు. వేసవిగాలిలో పొయ్యినుండి ఒక్క రవ్వ యెగసిన వీధికి వీధి బూడిద కావచ్చును. 'ఇల్లు కాలి ఒకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడిగిన' వాని కథ నవ్వుటకే పుట్టినది కాదు. గాలివానయు అట్టిదే. 1977 నవంబరు 19నాటి ఉప్పెనలో కృష్ణాతీరపు పూరిండ్లు అసంఖ్యాకముగా కొట్టుకొనిపోయినవి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ యేర్పడిన పిదప పక్కాయిండ్లు పెరిగినవి. నిప్పుభయము లేక నిద్రింపగోరి పేదవాడు పూరిల్లు విడిచెను. అందుకు వానిని నిందింపరాదు.

కాని యింటితోపాటు నేర్పును విడువనక్కరలేదు. ఏ కఱ్ఱకు చేవ యెంత, ఏ కప్పునకు వాలు యెంత అని యెఱిగిన పెద్దలు తగ్గిపోవుచున్నారు. వారు చెప్పగా వ్రాసియుంచుట గ్రామ గ్రంథాలయమునకు తగిన కార్యము. శాసనము లేని యిండ్లకు అదియే శాసనము.