బొంబాయి బెనె ఇజ్రాయేలుల గృహజీవితము

స్వస్థలమును విడిచి పరప్రాంతమున స్థిరపడిన ఏ జాతికైనను ఒక ప్రశ్న తప్పదు. తాతలు తెచ్చిన ఆచారము మనుమలవరకు నిలుచుటకు ఆధారమేది? దేవాలయమా, గ్రంథమా, సంఘమా? బొంబాయిలోని తెలుగువారు ఈ ప్రశ్నను తరతరములుగా ఎదుర్కొనుచునే యున్నారు. నైజాము రాజ్యపు తెలుగు జిల్లాలనుండి వచ్చిన కామాఠీలు రాళ్లు మోసి, బాటలు వేసి, మేడలు కట్టిన నగరమిది. వారి పేరనే కామాఠీపురా వెలసినది. ఆ పేటకు పొరుగుననే, నాగపాడా, బైకుల్లా, మజ్‌గావ్, జేకబ్ సర్కిల్ ప్రాంతములలో, మనకంటె ఎంతో పూర్వము ఈ తీరమునకు చేరిన మరియొక చిన్న జాతి చాళ్లలో కాపురముండెను. వారు యూదులు. వారి యింటి చరిత్రను తెలిసికొనినచో మన ప్రశ్నకు కొంత సమాధానము దొరకునని నా విశ్వాసము.

బొంబాయి యూదులనగానే చాలమందికి సాసూన్ వంశము జ్ఞప్తికి వచ్చును. డేవిడ్ సాసూన్ 1830 దశకారంభమున బాగ్దాదునుండి వచ్చి, వర్తకమున కోట్లు గడించి, బైకుల్లాలో గడియారపు గోపురము గల మాగెన్ డేవిడ్ ప్రార్థనామందిరమును కట్టించెను. కాని సంఖ్యలో అధికులు ఈ బాగ్దాదీలు కారు. కొంకణ తీరమునుండి వచ్చిన బెనె ఇజ్రాయేలులే అధికులు. ఈ పేరునకు ఇశ్రాయేలు సంతతివారని అర్థము. అలీబాగు సమీపమున నవ్‌గావ్ వద్ద ఓడ పగిలి, ఏడుగురు పురుషులు, ఏడుగురు స్త్రీలు మాత్రమే ఒడ్డునకు చేరిరనియు, తాము వారి సంతతివారమనియు వీరు చెప్పుకొందురు. కొంకణ గ్రామములలో వీరి వృత్తి గానుగ ఆడించి నూనె తీయుట. శనివారమున గానుగ కట్టకపోవుటచే చుట్టుపట్ల జనులు వీరిని ‘శన్వార్ తేలీ’ లనిరి. అనగా శనివారము సెలవు పాటించు తెలికలవారు. కిహీమ్ గ్రామస్థులు కెహీమ్‌కర్ అనియు, పేణ్ గ్రామస్థులు పేణ్‌కర్ అనియు, మరాఠీవారివలెనే వీరికిని ఊరిపేరే ఇంటిపేరైనది.

వీరిలో శామ్యూల్ ఎజెకీల్ దివేకర్ అను సైనికోద్యోగి టిప్పు సుల్తాను చెరనుండి విడుదలైన పిమ్మట, కృతజ్ఞతగా 1796లో బొంబాయిలో మొదటి యూద ప్రార్థనామందిరమును నిర్మించెను. దాని పేరునకు కరుణాద్వారమని అర్థము. ఇచట పాఠకులు ఒక విషయము గమనింపవలెను. 1796కు ముందు వీరికి బొంబాయిలో మందిరము లేదు. కొంకణములో ఎన్నో శతాబ్దములు మందిరము లేదు, హీబ్రూ గ్రంథములు లేవు, వేదపండితులవంటి గురువులును లేరు. అయినను వీరు యూదులుగానే నిలిచిరి. ఎట్లు నిలిచిరి? ఇల్లు వారిని నిలిపినది.

దీనిని గురించి వారిలో ఒక కథ కలదు. డేవిడ్ రాహబీ అను యూద పండితుడు కొంకణమునకు వచ్చి, ఈ తెలికలవారు నిజముగా యూదులేనా యని పరీక్షింపగోరెను. అతడు 11వ శతాబ్ది నాటివాడని కొందరు, 18వ శతాబ్దిలో కొచ్చిన్‌నుండి వచ్చినవాడని కొందరు చరిత్రకారులు చెప్పుదురు. అతడు పురుషులను శాస్త్రప్రశ్న లడుగలేదు. పలురకముల చేపలు కలగలిపి స్త్రీలకిచ్చి వండుమనెను. వారు రెక్కలును పొలుసులును గల చేపలను ఏరి, తక్కినవి తాము తినమని పక్కన పెట్టిరి. మోషే ధర్మశాస్త్రములోని విధి అదియే. ఆ స్త్రీలు శాస్త్రము చదువలేదు. అత్తగారు ఏరినట్లు కోడలు ఏరినది, తల్లి ఏరినట్లు కూతురు ఏరినది. ఆ వంటింటి సాక్ష్యముతో తృప్తిపడి రాహబీ వారిలో మూడు కుటుంబములవారికి ధర్మము బోధించి, వారిని కాజీలుగా నియమించెనట.

ఇక వారి వారక్రమమును చూతము. యూదులకు దినము సూర్యాస్తమయముతో ఆరంభమగును. కావున విశ్రాంతిదినమైన సబ్బాతు శుక్రవారము సాయంకాలమున ప్రారంభమై, శనివారము రాత్రి చుక్కలు కనబడువరకు ఉండును. ఆ దినమున నిప్పు రాజేయరాదు గనుక, శుక్రవారము ప్రొద్దుననుండియే గృహిణికి తీరిక యుండదు. ఇల్లు కడిగి, పిల్లలకు తలంట్లు పోసి, రెండు పూటలకు సరిపడు వంట ముందుగనే ముగింపవలెను. సూర్యు డస్తమింపకముందే ఆమె దీపము వెలిగించును. పూర్వము చాల యిండ్లలో గాజుగ్లాసులో నీరుపోసి, దానిపై కొబ్బరినూనె తేల్చి, వత్తి వేసి వెలిగించుట వాడుక. ప్రార్థనకు ద్రాక్షాసవము కావలెనని విధి. అది దొరకనిచోట ఎండుద్రాక్షను నానబెట్టి తీసిన పానకమును వాడిరి. యూరపు యూదులు పవిత్రముగా భావించు పెనవేసిన రొట్టెకు బదులు, పెక్కు గృహములలో చపాతీయే ఆ స్థానము నాక్రమించినది. గృహస్థు ఆ పానకముపై ఆశీర్వచనము పలికి, అందరికిని ఇచ్చును. పిల్లల తలపై చేయియుంచి దీవించును. పెద్దలును పిన్నలును ఒకరి చేతిని ఒకరు తాకి, ఆ వ్రేళ్లను పెదవుల కద్దుకొందురు. దీనిని ‘హాత్‌బోషీ’ యందురు.

వంటింటి నియమములు మన మడికి తీసిపోవు. మాంసము విధ్యుక్తముగా కోయబడినదై యుండవలెను. దానిని నీట నానబెట్టి, ఉప్పుపట్టించి, రక్తము పోవునట్లు కడిగినగాని వండరాదు. పాలు, పెరుగు, నెయ్యి మాంసముతో కలుపరాదు. రెంటికి వేర్వేరు పాత్రలుండవలెను. ఈ కఠిననియమమునకు కొంకణ భూమియే ఉపాయము చూపినది. మాంసపుకూరకు చిక్కదనము కావలసినచోట వీరు కొబ్బరిపాలు పోసిరి. కొబ్బరిపాలు చూచుటకు పాలేగాని శాస్త్రమున పాలు కావు. ధర్మము యెరూషలేముది, కొబ్బరికాయ అలీబాగుది. ఈ రెండును ఒకే కుండలో ఒదిగినవి.

సంవత్సరపు పండుగలు కూడ ఇట్లే ఒదిగినవి. హీబ్రూ పేర్లు మరచిన కాలమున వీరు పండుగలను మరాఠీ పేర్లతో పిలిచిరి. నూతన సంవత్సరము ‘నవ్యాచా సణ్’. ఉపవాసముండి పాపక్షమాపణ వేడు మహాదినము ‘దార్‌ఫాళ్నీచా సణ్’, అనగా తలుపులు మూసికొను పండుగ. ఆనాడు స్నానముచేసి, తెల్లని వస్త్రములు ధరించి, తలుపులు బిగించుకొని ఇంటియందే యుండిరి. హోళీ దినములలో వచ్చు పురీము ‘హోళీచా సణ్’ అయినది. యెరూషలేము దేవాలయము నాశనమైన శోకదినమున అనపగింజల కూరతో భుజించుటచే దానికి ‘బిర్డ్యాచా సణ్’ అను పేరు వచ్చినది. హనుక్కా యను దీపముల పండుగ మాత్రము వీరి వాడుకలో లేకుండెను. ఆ పండుగ పుట్టకముందే వీరి పూర్వులు స్వదేశము విడిచిరనుటకు ఇది నిదర్శనమని కొందరు చెప్పుదురు.

పస్కా పండుగ రాకముందు ఇంటిలో జరుగు శుద్ధి మన సంక్రాంతి పనులను జ్ఞప్తికి తెచ్చును. గోడలకు సున్నము కొట్టింతురు, రాగిపాత్రలకు కళాయి పూయింతురు, పులిసిన పదార్థమన్నది ఏ మూలను లేకుండ దులిపివేయుదురు. ఐగుప్తు దాస్యమునుండి తమ పూర్వులు విడుదలైన కథను ఆ రాత్రి భోజనమువద్ద పిల్లలకు చదివి వినిపింతురు, పిల్లలచేత ప్రశ్నలడిగింతురు. ఆ కథాగ్రంథము మరాఠీ అర్థముతో 1846లో బొంబాయిలో అచ్చయినది. దానివలన ఇంటిలోని అందరికిని అర్థము తెలిసి పండుగ చేసికొను అవకాశము కలిగినది.

వీరికి మాత్రమే ప్రత్యేకమైన ఆచారము ‘మలీదా’. అటుకులను తడిపి, కొబ్బరికోరు, చక్కెర, ఏలకులు కలిపి, పళ్లెములో పోసి, చుట్టును పండ్లుంచి, ఏలీయా ప్రవక్తను స్మరించుచు పాడుదురు. పెండ్లికి ముందును, మ్రొక్కు తీరినప్పుడును, కొత్తయింట చేరునప్పుడును మలీదా చేయుట వాడుక. అలీబాగు సమీపమున ఖండాలా గ్రామములో ఏలీయా రథపు గుర్తుగల రాయి కలదని నమ్మి అచటికి యాత్రకు పోవుదురు. పెండ్లిలో గోరింట పెట్టుదురు. వధువునకు మంగళసూత్రము కట్టుదురు. స్త్రీలు చీరయే ధరించిరి. కాని ఆ యింటి గుమ్మమున, మన గడపకు పసుపు, మామిడి తోరణము ఉండునట్లు, ధర్మశాస్త్రవాక్యములు వ్రాసిన చర్మపత్రము గల చిన్న గొట్టము బిగించియుండును. వచ్చుచు పోవుచు దానిని తాకి, చేతిని ముద్దుపెట్టుకొందురు. బయటినుండి చూచినవారికి అది మరాఠీ యిల్లు. గుమ్మము దాటినవారికి యూద గృహము.

నగరజీవితము ఈ యింటికి పరీక్ష పెట్టకపోలేదు. గానుగ తనది గనుక కొంకణ తెలికవాడు శనివారము దానిని కట్టక మానివేసెను. బొంబాయికి వచ్చి సైన్యమునను, రైల్వేలోను, ప్రభుత్వ కచేరీలలోను గుమాస్తాలుగా చేరిన అతని మనుమలకు ఆ స్వాతంత్ర్యము లేదు. శనివారము కచేరీ తెరచియుండును. హాజరుపట్టీలో సంతకము చేయకతప్పదు. గుమాస్తాగా బ్రతికినవాడను గనుక ఆ యిబ్బంది నాకు చక్కగా బోధపడును. పలువురు పురుషులు శనివారము పనికి పోయిరి. కాని శుక్రవారపు దీపము ఇంటిలో వెలుగుచునే యుండెను. పురుషుడు విధిలేక సడలించినచోట స్త్రీ బిగించి పట్టినది.

ఈ సంఘము విద్యలోను వెనుకబడలేదు. హాయీమ్ శామ్యూల్ కెహీమ్‌కర్ ప్రభృతులు 1875లో స్థాపించిన పాఠశాలయే తరువాత మజ్‌గావ్‌లోని సర్ ఎలీ కదూరీ పాఠశాలయైనది. కెహీమ్‌కర్ 1897లో ముగించిన తమ జాతిచరిత్ర 1937లో గాని అచ్చుకాలేదు. ఆ 1937లోనే డాక్టర్ ఇ. మోజెస్ అను బెనె ఇజ్రాయేలీయుడు బొంబాయి మేయరయ్యెను. మహాలక్ష్మి ప్రాంతమున ఆయన పేర నున్న రోడ్డుపై నడచినవారు మనలో ఎందరో కలరు.

1948లో ఇజ్రాయేలు రాజ్యమేర్పడిన పిమ్మట వలస ఆరంభమైనది. 1951 జనాభా లెక్కలలో భారతదేశమున 26 వేలకు పైగా యూదులుండిరి. 2011 నాటికి వారు 5 వేలకు లోబడిరి. నాగపాడా చాళ్లలోని అనేక గుమ్మములనుండి ఆ చిన్న గొట్టములు తొలగింపబడినవి. స్వదేశమని పోయినవారికి అచట మరియొక పరీక్ష ఎదురైనది. వారి వివాహ విడాకుల పద్ధతులు శాస్త్రసమ్మతములేనా యని అచటి మతాధికారులు సందేహించి, ఇతర యూదులతో వారి వివాహములకు ఆటంకములు పెట్టిరి. బెనె ఇజ్రాయేలులు ఆందోళన చేసిరి. 1964 ఆగస్టులో ఇజ్రాయేలు శాసనసభ వారు అన్నివిధముల తక్కిన యూదులతో సమానులని ప్రకటించినది. పండితులు శంకించినదానిని గృహిణులు వందలయేండ్లు కాపాడియుండిరనుట ఇందులోని విశేషము.

తెలుగునాట కూడ దీనికి చేరువైన దృష్టాంత మొకటి కలదు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయిమ్ అనుపేర కొన్ని తెలుగు కుటుంబములు, పూర్వము క్రైస్తవ సంఘములలో నుండి, 20వ శతాబ్ది చివరి దశలలో యూదధర్మమును బాహాటముగా అవలంబించి ప్రార్థనామందిరము నేర్పరచుకొనిరి. తాము ఇశ్రాయేలు గోత్రములలో ఒకదానివారమని వారి విశ్వాసము. సబ్బాతును పాటించు ఆ యిండ్లలో పలుకు మాట తెలుగే.

ఇక మన ప్రశ్నకు వత్తము. బెనె ఇజ్రాయేలుల చరిత్ర మనకు ధైర్యమును చెప్పును, హెచ్చరికను చేయును. వారమువారము ఇంటిలో చేసినది వారికి నిలిచినది: దీపము, చేప, ఉపవాసము, శనివారము. ఇంటిలో చేయనిది పోయినది. దేవుడొక్కడేయని చాటు చిన్న ప్రార్థన తప్ప వారికి హీబ్రూ మిగులలేదు; ఏలయన, ఇంటిలో వారు మాటాడినది మరాఠీ. ఆ మరాఠీ ఎంత గట్టిగా నాటుకొనినదనగా, ఇజ్రాయేలుకు పోయిన పిమ్మటను వారు ‘మాయ్‌బోలీ’ యను మరాఠీ పత్రికను అచట నడపిరి. భాషకును ఆచారమునకును సూత్రమొక్కటే. ఇల్లు దేనిని పలికిన అది నిలుచును.

మన కామాఠీపురాలోను, ధారావిలోను, ఇతర చాళ్లలోను ఉగాదిపచ్చడి తప్పక చేయుదురు, బతుకమ్మలు పేర్చుదురు, గోంగూర ఎంత దూరమునుండియైన తెప్పించుకొందురు. ఇవి నిలుచును, సందేహము లేదు. కాని పిల్లవాడు తల్లితో హిందీలోను, అక్కతో మరాఠీలోను మాటాడి, తెలుగును సంఘపు సభలో మాత్రమే వినుచున్నచో, గోంగూర మిగిలి తెలుగు పోవును. సంఘములు సభలు జరుపగలవు, సంచికలు అచ్చువేయగలవు. అమ్మకు బదులు మాటాడలేవు. పొరుగువారు వారమునకొక సాయంకాలమును దీపమునకై కేటాయించి వేయేండ్ల ధర్మమును దక్కించుకొనిరి. మనము ప్రతిరాత్రి భోజనవేళను తెలుగునకై కేటాయింతము. పది అడుగుల గదియైనను అందుకు చాలును.