సూర్యుడి కంటే ముందే పుట్టాయా మన నీళ్లు..? ‘ధూళి పళ్లెం’లో దొరికిన ఆధారం ఇదే!

చలికాలంలో జనవరి రాత్రి 8 గంటలకు పాన్‌గల్‌లో మేడ మీదకెక్కి తూర్పు వైపు తలెత్తి చూడండి. మృగశిర కనిపిస్తుంది. అదేనండీ, కార్తె వస్తే మనం చేపల కూర తినే మృగశిరే! అది ఉన్న ఒరాయన్ నక్షత్ర మండలంలోనే, మనకు సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో వీ883 ఒరాయనిస్ అనే పసి నక్షత్రం ఉంది. మామూలు కంటికి కనిపించదు కానీ, మనం తాగే నీటి పుట్టుక గురించి పెద్ద గుట్టే విప్పింది.

ధూళి పళ్లెం అంటే ఏంటి?
నక్షత్రం పుట్టినప్పుడు మిగిలిన వాయువు, ధూళి దాని చుట్టూ పళ్లెంలా తిరుగుతుంటాయి. ఇందులో దాదాపు 99 శాతం వాయువు, 1 శాతమే ధూళి. గ్రహాలు తయారయ్యేది ఇక్కడే. నక్షత్రానికి దగ్గర్లో వేడికి నీరు ఆవిరిగా, దూరంగా ధూళి రేణువులపై మంచుగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య హద్దే ‘మంచు రేఖ’.

ఆవిరి దొరికింది ఇలా..
మంచును రేడియో టెలిస్కోపులు పట్టుకోవడం కష్టం. కానీ వీ883 ఒక్కసారిగా భగ్గుమనడంతో వేడి పెరిగి మంచు ఆవిరైంది. చిలీలోని అటకామా ఎడారిలో 66 యాంటెన్నాలున్న ఆల్మా ఆ ఆవిరిని గుర్తించింది. భూమిపై సముద్రాలన్నిటి నీటికి కనీసం 1,200 రెట్లు అక్కడ ఉందని తేలింది. ఈ వివరాలు 2023 మార్చిలో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి.

మణుగూరు లింకేంటి?
నీటిలోని హైడ్రోజన్ స్థానంలో బరువైన డ్యుటీరియం చేరితే అది బరువు నీరు. మన మణుగూరు భారజల కర్మాగారంలో గోదావరి నీటి నుంచి వేరు చేసేది దీన్నే. నక్షత్రాలు పుట్టకముందు ఉండే గడ్డకట్టే చలి మేఘాల్లో నీటికి డ్యుటీరియం ఎక్కువగా చేరుతుంది. ఆ నీరు పళ్లెంలో విడిపోయి మళ్లీ కొత్తగా తయారైతే ఈ గుర్తు చెరిగిపోవాలి. కానీ వీ883 దగ్గర చెరగలేదు. అక్కడి పాళ్లు మన తోకచుక్కల్లో ఉన్నట్టే ఉన్నాయి.

అంటే ఏంటి?
మేఘంలో పుట్టిన నీరే పళ్లెంలోకి, అక్కడి నుంచి తోకచుక్కల్లోకి చెక్కుచెదరకుండా చేరిందన్నమాట. సూర్యుడి వయసు సుమారు 460 కోట్ల ఏళ్లు. జూరాల గేట్లు దాటొచ్చే కృష్ణమ్మ నీటిలో కొంత వాటా అంతకంటే పాతదే అయి ఉండొచ్చని శాస్త్రవేత్తల లెక్క చెబుతోంది. ఈసారి కుళాయి కట్టేయడం మర్చిపోతే, ఒక్కసారి ఇది గుర్తు చేసుకోండి!