పటం గీసినవారి నీతి: వైకుంఠపాళి నుంచి అగ్గిపెట్టెల యంత్రం దాకా

భద్రాచలంలో ముక్కోటి ఏకాదశికి ముందురోజు సాయంత్రం సీతారామచంద్రస్వామికి గోదావరిలో హంసవాహనంపై తెప్పోత్సవం జరుగుతుంది. మరునాటి తెల్లవారుజామున ఆలయ ఉత్తర ద్వారం తెరుచుకుంటుంది. భక్తులు వైకుంఠ ద్వారమని పిలుచుకునే ఆ వాకిలి ఏ లోకానికి దారి అని నమ్ముతారో, జాగరణ చేసే తెలుగు ఇళ్లలో రాత్రంతా గవ్వలు వేసి ఆడే వైకుంఠపాళి పటంలో చివరి గమ్యమూ అదే లోకం. పరమపద సోపాన పటమని కూడా పేరున్న ఈ ఆటలో నిచ్చెనలు సద్గుణాలకు, పాములు దుర్గుణాలకు గుర్తులు కనుక, పిల్లలకు నీతి నేర్పే సాధనంగానే పెద్దలు దీన్ని భావించారు.

అయితే ఈ పటం చరిత్రను తరచి చూస్తే, అది నేర్పే అసలు పాఠం వేరని తోస్తుంది. ఉత్తర భారతంలో జ్ఞాన చౌపడ్ అనే పేరుతో వ్యాపించిన ఈ ఆటను జైనులు 84 గడులతో, వైష్ణవులు 72 గడులతో, సూఫీలు 101 గడులతో తమ తమ మోక్షమార్గానికి అనువుగా గీసుకున్నారు. 19వ శతాబ్ది చివర ఇంగ్లండు చేరాక మోక్షం స్థానంలో పొదుపు, శ్రమ వంటి విక్టోరియా కాలపు గుణాలు వచ్చాయి, ఆ తరువాత అవి కూడా చెరిగిపోయి ఉత్త పాములూ నిచ్చెనలే మిగిలాయి. గవ్వ ఎటు పడుతుందో ఆటగాడి చేతిలో లేదు. ఏ గడిలో పాము ఉండాలో అంతకన్నా లేదు. అది పటం గీసినవారి నిర్ణయం. మనిషి బుద్ధితో చేసే పనులను యంత్రం చేత చేయించే కృత్రిమ మేధ వెనుక కూడా ఎవరో చేసిన ఎంపికలు ఉంటాయి కనుక, దాని గురించి ఇంట్లో పిల్లలకు చెప్పదలచినవారికి ఇంతకన్నా చక్కని ప్రవేశిక దొరకదు.

పులి-మేక ఆట ఇందుకు భిన్నమైనది, ఎందుకంటే ఇందులో గవ్వలకు చోటే లేదు. పాత దేవాలయాల మండపాల రాతి నేలమీద చెక్కిన గీతలుగా నేటికీ కనిపించే ఈ ఆటలో సాధారణంగా 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులి మేకమీదుగా దూకి దాన్ని చంపుతుంది, మేకలు కదలనీయకుండా పులిని కట్టడి చేస్తాయి. బలాబలాలు సమానంగా లేని పోరులో ముందుచూపు ఎలా పనిచేస్తుందో ఇది చూపుతుంది. నేపాల్‌లో బాఘ్ చాల్ అనే దీని దగ్గరి బంధువుకు 4 పులులు, 20 మేకలు, 25 బిందువులు. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే పరిశోధకులు కంప్యూటర్ లెక్కలతో, ఇరుపక్షాలూ తప్పు చేయకుండా ఆడితే ఆ ఆటలో ఎవరూ గెలవరని తేల్చారు.

కానీ లెక్కవేసి తేల్చడం వేరు, ఆడుతూ నేర్చుకోవడం వేరు. ఈ రెండవదాన్ని యంత్ర అభ్యసనం అంటారు. అంటే ఎత్తులను ముందే చెప్పకుండా, ఫలితాన్ని బట్టి యంత్రం తన తీరు మార్చుకునేలా చేయడం. 1961లో బ్రిటిష్ శాస్త్రవేత్త డొనాల్డ్ మిచీ దీన్ని కంప్యూటర్ లేకుండానే, 304 అగ్గిపెట్టెలతో చేసి చూపాడు. సున్నాలూ ఇంటూల ఆటలో వచ్చే ఒక్కో స్థితికి ఒక్కో పెట్టె, అందులో ఒక్కో ఎత్తుకు ఒక్కో రంగు పూస. కళ్లు మూసుకుని తీసిన పూస రంగే యంత్రం వేసే ఎత్తు. గెలిస్తే ఆ రంగు పూసలు ఆ పెట్టెలో మరికొన్ని చేరతాయి, ఓడితే తీసిన పూస తిరిగి రాదు. మరుసటి ఏడాది అమెరికన్ రచయిత మార్టిన్ గార్డ్‌నర్ దీన్ని 9 గళ్ల బల్లమీద మూడేసి బంట్లతో ఆడే చిన్న ఆటకు కుదించగా 24 పెట్టెలే సరిపోయాయి. పూసలకు బదులు రంగు పూసిన చింతగింజలు వాడితే ఒక కుటుంబం సాయంత్రం పూట కూర్చుని చేయగలిగిన పని ఇది. పులి-మేకకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, దాని స్థితులకు సరిపడా అగ్గిపెట్టెలు ఏ ఇంటిలోనూ పట్టవు. పెట్టెలో పూసలకు ఏది న్యాయమో తెలియదు, ఏది గెలిచిందో మాత్రమే వాటి సంఖ్యలో నిలుస్తుంది. నేటి భాషా యంత్రాలు తరువాతి మాటను ఎంచుకునే తీరు కూడా, ఎంతో విస్తరించిన రూపంలో, ఇటువంటి మొగ్గులనే ఆధారం చేసుకుంటుంది.

ఆ మొగ్గు యంత్రం చదివిన రాతల నుంచే వస్తుందని చూపడానికి భద్రాచలమే తగిన ఉదాహరణ. అంతకుముందు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 1959లో ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరిట చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లగా పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది. పట్టణానికి ఆనుకుని ఉన్న ఎటపాక ఏ జిల్లాలోదని అడిగితే, 2014కు ముందటి రాతలను మాత్రమే చదివిన యంత్రం తడుముకోకుండా తప్పు చెబుతుంది. ఇక ఆ చుట్టుపక్కల అడవుల్లో వినిపించే కోయ భాషలో రాత తక్కువ కనుక, దానికి యంత్రపు పటంలో తప్పుగా గీసిన గడి కూడా చాలాచోట్ల ఉండదు.