చిట్ మహలుల చరిత్ర

మన పల్లెలలో పొలముగట్టు తగవు తాతనాడు మొదలైనచో మనుమనినాటికి గాని తెగదు. భారతదేశమునకును దాని తూర్పు పొరుగునకును నడుమ అట్టి తగవొకటి 1947 మొదలు 2015 వరకు నలిగి, తుదకు కాగితముమీద పరిష్కారమయ్యెను. దాని వృత్తాంతము మన తెలుగువారిలో పెక్కురకు తెలియదు. దస్త్రములతో కాలము గడుపువారమగుట వలన, ఒక దస్త్రము నలువది యేండ్లు ఏల కదలకుండెనో తెలిసికొనుట మనకు ఆసక్తికరము కాకపోదు.

కూచ్ బిహార్ సంస్థానపు భూములును, మొగలాయి ఏలుబడిలోని రంగపురపు భూములును ఒకదానిలో నొకటి చిక్కుకొని యుండెడివి. పూర్వమిరువురు ప్రభువులు చదరంగమాడుచు గ్రామములను పందెమొడ్డిరని అచటి జనులు చెప్పుకొందురు. కథ రమ్యమే. కాని 18వ శతాబ్ది ఆరంభమున జరిగిన సంధి తరువాత, ఎవరి సర్దారులు ఎక్కడ నిలిచియుండిరో ఆ భూములు వారివారి ప్రభువుల క్రిందనే మిగిలిపోయెననియు, ఈ తునకలు అందువలననే ఏర్పడెననియు చరిత్రకారుల మతము. వీటినే చిట్ మహలులందురు. 1947లో రంగపురము తూర్పు పాకిస్తానునకు పోయెను. 1949లో కూచ్ బిహార్ భారతదేశమున విలీనమయ్యెను. శిస్తు లెక్కలలోని గీత దేశముల సరిహద్దుగా మారెను.

బంగ్లాదేశములో చిక్కిన భారత మహలులు 111, వాని విస్తీర్ణము 17,160 ఎకరములు. భారతదేశములో చిక్కిన బంగ్లాదేశపు మహలులు 51, వాని విస్తీర్ణము 7,110 ఎకరములు. దహలా ఖాగ్రాబారి అను ఒక చిన్న చేనుండెను. అది భారతభూమి, దాని చుట్టును బంగ్లాదేశపు పల్లె, ఆ పల్లె చుట్టును భారత మహలు, దాని చుట్టును బంగ్లాదేశము. ఇట్టి వింత ప్రపంచమున మరియొక చోట లేకుండెను.

వింతగా వినుటకు బాగుగనే యున్నది. అందు బ్రతికినవారి మాట వేరు. 1952లో పాస్‌పోర్టు, వీసా పద్ధతి వచ్చెను. వీసా కావలెనన్న తన దేశపు పట్టణమునకు పోవలెను; అచ్చటికి పోవలెనన్న పరాయి నేలను దాటవలెను; వీసా లేక ఆ నేలను దాటుట నేరము. పోలీసు ఠాణా లేదు, రేషన్ కార్డు లేదు, ఓటు లేదు. పిల్లవానిని బడిలో చేర్పింపవలెనన్న సరిహద్దు కావలివాని పేరును తండ్రిగా వ్రాయింపవలసివచ్చెడిది. ప్రసవమునకు ఆసుపత్రి చేరిన స్త్రీ పరాయివాని పేరును భర్త పేరుగా చెప్పవలసివచ్చెడిది. 2011లో రెండు ప్రభుత్వములును కలసి లెక్కింపగా ఇట్టివారు 51,549 మంది తేలిరి.

1958 సెప్టెంబరులో నెహ్రూగారును, పాకిస్తాను ప్రధాని ఫిరోజ్ ఖాన్ నూన్ గారును మహలులను మార్చుకొనుటకును, బేరుబారి యూనియనును సగముగా పంచుకొనుటకును అంగీకరించిరి. వంగదేశమున అలజడి చెలరేగెను. రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయము కోరగా, రాజ్యాంగమును సవరింపకుండ దేశభూమిని వదలుకొనరాదని 1960 మార్చిలో న్యాయమూర్తులు తెలిపిరి. ఆ ఎనిమిదిమందిలో రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు నొకరని మనము జ్ఞాపకముంచుకొనవచ్చును. ఆ యేడే తొమ్మిదవ సవరణ వచ్చెను గాని అది అమలు కాలేదు. బంగ్లాదేశము అవతరించిన పిదప 1974 మే 16న ఇందిరాగాంధిగారును, షేక్ ముజిబుర్ రహమానుగారును క్రొత్త ఒడంబడిక చేసికొనిరి. పొరుగువారి పార్లమెంటు దానిని ఆ యేడే ఆమోదించెను. మనకు 41 యేండ్లు పట్టెను.

ఈ జాప్యమున కొంత భాగమును నేను తప్పుపట్టజాలను; ప్రజాప్రతినిధుల సమ్మతి లేక సరిహద్దును మార్చుట ప్రజాప్రభుత్వ ధర్మము కాదు. కాని పదివేల ఎకరములు అదనముగా పోవుచున్నవను వాదము నాకెన్నడును రుచింపలేదు. మన తహసీలుదారు కాలుమోప వీలులేని భూమి పటములో తప్ప మన చేతిలో నెక్కడ నుండెను?

2011లో డాక్టర్ మన్మోహన్ సింగుగారును, షేక్ హసీనాగారును అనుబంధ పత్రముపై ఒప్పుకొనిరి. 2015 మేలో పార్లమెంటు ఉభయసభలును నూరవ సవరణను ఏకగ్రీవముగా ఆమోదించెను. జులై 31 అర్ధరాత్రి మహలులు చేతులు మారెను. ఏ దేశపు పౌరసత్వము కావలెనో జనులే కోరుకొనిరి. అటు భారత మహలులలోనివారిలో ఇటు వచ్చుటకు కోరినవారు వేయిమందికి లోపు. ఇటు బంగ్లాదేశపు మహలులలోనివారు ఒక్కరును కదలలేదు. జాతి, మతము అనుకొనుచు మనము పటముమీద గీయు గీతలకంటె, నాటిన పోకచెట్టు, త్రవ్విన బావి వారికి దగ్గర. 2016లో వారు శాసనసభ ఎన్నికలలో మొదటి ఓటు వేసిరి.

వర్తకము మాట కొలదిగ చెప్పవలెను. అదే 2011లో మేఘాలయ సరిహద్దున కలైచార్ వద్ద ఇరుదేశముల పల్లెవారికి ఉమ్మడి సంత తెరవబడెను. కూరలు, పండ్లు, చేనేతబట్టలు సుంకము లేక అమ్ముకొనుచుండిరి. 1985లో ఢాకాలో వెలసిన సార్క్ మాట అటు లేదు. 2014 నాటి కాఠ్మాండు సభ తరువాత 2016లో ఇస్లామాబాదున జరుగవలసిన సభ జరుగనేలేదు. ఎనిమిది దేశములు ఒకచోట కూర్చుండి తేల్చలేనిదానిని ఇద్దరు పొరుగువారు గట్టుమీద నిలిచి తేల్చుకొనుట కొన్నియెడల సులభమేమో!

ఇటు వచ్చినవారిని దిన్‌హాటా, మేఖ్లీగంజ్, హల్దీబారీలలో రేకుల ఇండ్ల శిబిరములలో నుంచిరి. అచ్చటనే కొన్ని యేండ్లు గడచెను. ఇక్కడి మహలులలో నిలిచినవారు పౌరులైరి గాని తాము దున్నుచున్న భూమికి పట్టాలు లేకుండెను. అందులకై పశ్చిమ వంగ శాసనసభ 2018లో భూసంస్కరణ చట్టమును మరల సవరింపవలసివచ్చెను.